నురగకు శాలువా

మూసీ వ్యవహారంలో ఇంతవరకూ ఒక్క అబద్ధమైనా ఆడనిది నది మీద తేలే నురగ ఒక్కటే. అందుకని సైదాబాద్ పౌరుల తరఫున దానికి శాలువా కప్పాలని నా ప్రతిపాదన. నురగ మీద శాలువా నిలవదంటారా? మనం కప్పినవాటిలో అర్హత చూసి కప్పిందెన్ని కనుక!

దాని వాంగ్మూలం సూటిగా ఉంటుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నీటికి దూరం జరుగుతుంది. నీళ్లు కత్వ మీంచి దూకి గాలిని కలుపుకోగానే ఆ అణువులు బుడగ చుట్టూ పొరకట్టి దాన్ని పగలనివ్వవు. శుభ్రమైన నీళ్లకు ఈ విద్య రాదు. మన బట్టల సబ్బుకు తోడు పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు. 'శుద్ధి' చేశామని 18 కిలోమీటర్ల గొట్టం వేసి మరీ వాటిని నగరం మురుగులో కలిపారు. ఆ మురుగు చేరేది మన ఎదుటి ఒడ్డుకే, అంబర్‌పేట ప్లాంటుకు. దాని సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అంతా బాగుందని ఫైలు అంటుంది. కాదని నురగ అంటుంది.

అటు కూకట్‌పల్లి దగ్గర ధరణీనగర్‌లో వానొస్తే అది నాలా దాటి వీధుల్లోకే వచ్చి సాక్ష్యం చెప్పింది. విన్నవాళ్లెవరు?

ఇక సర్కారువారి నురగ. దీనికి సబ్బు అక్కర్లేదు, మైకు చాలు. 1990లలో మూసీని నందనవనం చేస్తామన్నారు. 2017లో మూసీ కార్పొరేషన్ పెట్టారు. 2024లో సుందరీకరణకు లక్షన్నర కోట్ల మాట వినిపించింది. థేమ్స్ చూశారు, సియోల్ వెళ్లొచ్చారు. అక్కడ నురగ లేదట, ఎంత ఆశ్చర్యం!

తిరిగొచ్చి చేసిన పని? చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ ఒడ్డున రేకులిళ్ల గోడల మీద కూల్చడానికి గుర్తుగా ఎర్ర రంగుతో 'ఆర్‌బీఎక్స్' అని రాశారు. నురగ పంపే ఫ్యాక్టరీ గోడ మీద ఒక్క అక్షరం పడగా నేను చూడలేదు. రంగు చాలలేదేమో. నదిని కడుగుతామన్నవారికి చెమటైనా పట్టలేదు. ఆ ఇళ్లు వదిలి బియ్యం డబ్బా, గ్యాసు బండ మోసుకుంటూ పిల్లిగుడిసెల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు చేరినవాళ్లకు మాత్రం నోట నురగలొచ్చాయి.

ఓటుకొచ్చే నాయకుణ్ని ఈసారి సుందరీకరణ బొమ్మలు అడక్కండి. అంబర్‌పేట ప్లాంటు వదిలే నీళ్ల పరీక్ష ఫలితాన్ని నెలనెలా మూసారాంబాగ్ వంతెన దగ్గర బోర్డు మీద, తెలుగులోనూ ఉర్దూలోనూ, రాయించమనండి.