పవర్ పెంచండి సార్!

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో నడుంనొప్పికి వైద్యం లేదనేవాడి నోట్లో గుప్పెడు తేజా మిర్చి కొట్టాలి. లేకేం? సత్తుపల్లి నుంచి చర్ల దాకా ఏ సెంటర్లో దిగినా టీ కొట్టు పక్కన మెడికల్ షాపు, ఆ వెనక రేకుల గదిలో ఆరెంపీ డాక్టరు. నొప్పి ఎక్కడో చెప్పే శ్రమ కూడా పెట్టరు. నడుం మీద చెయ్యేసుకుని గడప ఎక్కితే చాలు, సూది సిద్ధం. డాక్టరుగారి ప్రశ్న ఒకటే: "పోయినసారిది పనిచేసిందా?" మనవాళ్ల జవాబూ ఒకటే: "రెండ్రోజులు బాగానే ఉంది సార్. ఈసారి కొంచెం పవర్ పెంచండి."

పెంచుతారు. కాదనడానికి ఆయన ఎవరు? డైక్లోఫెనాక్‌తో మొదలవుతుంది. అది పనిచేయడం ఆగగానే ఎసిక్లోఫెనాక్. దానికి పారాసిటమాల్ కలిస్తే పేరు చివర 'పి' చేరుతుంది, ఇంకోటి కలిస్తే 'ఎస్పీ'. పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా చేరినవాడికి ఎస్పీ కావడానికి ఒక జన్మ చాలదు, మన నడుంనొప్పి గోలీ మాత్రం మూడు వారాల్లో ఎస్పీ అయిపోతుంది. ఆ పైన ట్రమడాల్. ఆ పైన టాపెంటడాల్. నరం నొక్కుకుందని ప్రీగాబాలిన్. ఇన్ని మింగితే కడుపు మండుతుంది కాబట్టి పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ గోలీ. టిఫిను మాట ఎవరూ రాయరు.

ఫిబ్రవరిలో, మిర్చి కోతలు జోరుగా ఉన్నప్పుడు, పొద్దుగూకే వేళ ఆ రేకుల గది ముందు బల్ల మీద కాసేపు కూర్చోండి. నలభై అయిదేళ్ల మనిషి వస్తుంది. పొద్దుటి నుంచి వంగిన నడుం ఇంకా పూర్తిగా లేవలేదు. కాయ కోసిన వేళ్లు మండుతుంటే కొంగుతో నోటు పట్టుకుని ఇస్తుంది. నడుంలో ఒక సూది పడుతుంది. పాత పేపరు ముక్కలో పొట్లం కట్టిస్తారు: తెల్లవి రెండు, పసుపువి రెండు, ఓ మూల చిన్నది ఒకటి. పేరు లేదు, తారీకు లేదు, ఎన్ని మిల్లీగ్రాములో లేదు. ఆ చిన్నదే అసలు హీరో. చాలా పొట్లాల్లో అది డెక్సామెథసోనో, బీటామెథసోనో అయి ఉంటుంది. తేటగా చెప్పాలంటే స్టెరాయిడ్. మర్నాడు కోడి కూయకముందే ఆమె చేలో ఉంటుంది. "ఆయన చేతిలో మహిమ ఉందే!" అని పక్క సాలులో ఆమెకూ చెబుతుంది. నెలలు గడిచేకొద్దీ మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. ఒళ్లొచ్చింది, కళ వచ్చిందని ఊళ్లో వాళ్లు మెచ్చుకుంటారు. లోపల షుగరు పెరుగుతుంటుంది, ఎముక గుల్లవుతుంటుంది, కొందరికి తుంటి ఎముక తలకు రక్తం అందక అదే చచ్చిపోతుంది. అప్పుడు తుంటి మార్పిడికి పొలం మార్పిడి చేసుకోవాలి. బ్యాంకు వారి పేరు మీదికి.

ఆరెంపీలందరూ దుర్మార్గులని నేననను. దుమ్ముగూడెం అవతల గూడెంలో అర్ధరాత్రి పాము కరిస్తే బండి మీద కూర్చోబెట్టుకుని భద్రాచలం ఏరియా ఆసుపత్రికి చేర్చేది కూడా ఆయనే. డిగ్రీ ఉన్నవాడు ఊళ్లో ఉండడు, ఊళ్లో ఉన్నవాడికి డిగ్రీ ఉండదు. ఈ ఏర్పాటు సర్కారుకు ఎంత హాయో! ఎన్నికలప్పుడు శిక్షణ ఇస్తామంటారు, అయిపోయాక దాడులు చేస్తామంటారు.

ఇంతకీ మన డైక్లోఫెనాక్ చరిత్ర తెలుసా? నొప్పికని పశువులకు పొడిచేవారు. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులకు మూత్రపిండాలు చెడి, కొమ్మ మీదే తల వాల్చేసి కుప్పలుగా రాలిపోయాయి. 2006లో దేశమంతటా పశువులకు దాన్ని నిషేధించారు. మనుషుల మందు దొడ్డిదారిన పశువుల పాకలోకి పోతోందని 2015లో పెద్ద సీసాలూ ఆపి, ఒక సీసాలో 3 మిల్లీలీటర్లకు మించకూడదన్నారు. రాబందు కోసం ఇంత చేసిన దేశం మనది, గర్వపడాలి. మనిషికి మాత్రం అది నేటికీ పిప్పరమెంటు పక్కన దొరుకుతుంది. షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేనిదే అమ్మకూడదని షీటు వెనక రాసే ఉంది. ఏం చేస్తాం, మన శవాలను రాబందులు తినవు.

కాస్త డబ్బున్న నడుం ఖమ్మం బస్సెక్కుతుంది. అక్కడ పవర్ పెంచే ముందు ఎమ్మారై తీస్తారు. ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బింది అని వస్తుంది. రాకుండా ఎలా ఉంటుంది? నొప్పీ గిప్పీ లేని మనుషుల స్కాన్లను కలిపి చూసిన 2015 నాటి పరిశీలనలో, యాభై ఏళ్లవాళ్లలో 60 శాతం మందికి డిస్కు ఉబ్బే ఉంది. తల నెరవడం లాంటిదది. కానీ తల నెరిసిందని ఎవరూ ఫిల్మ్ తీసి చేతిలో పెట్టరు. పెడితే మనం దానిక్కూడా ట్రమడాల్ అడుగుతాం.

ట్రమడాల్ అంటే నల్లమందు జాతి. 2014 మార్చి నుంచి అది షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఇది చాలదని 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చారు. చట్టం అంత గట్టిది. రిజిస్టరు ఇంకా గట్టిది, అట్ట కూడా నలగదు. ట్రమడాల్‌లో పారాసిటమాల్, టారిన్, కెఫీన్ కలిపి అమ్మే కాక్‌టెయిల్‌ను 2024 ఆగస్టులో 156 మిశ్రమాల్లో ఒకటిగా నిషేధించేదాకా, అందులో తప్పేముందో ఎవరికీ తట్టలేదు. టాపెంటడాల్‌కు కారిసోప్రొడాల్ కలిపి పశ్చిమ ఆఫ్రికాకు పంపుతున్న ముంబై కంపెనీ బాగోతాన్ని బీబీసీ బయటపెట్టాకే, 2025 ఫిబ్రవరిలో మనవాళ్లు ఆ తయారీని ఆపించారు. పరాయివాడు కెమెరా పెడితేగానీ మనకు కళ్లజోడు దొరకదు.

అమెరికావాళ్లు ఈ పవర్ మెట్లన్నీ మనకంటే ముందే ఎక్కేశారు. 1996లో పర్డ్యూ కంపెనీ ఆక్సికాంటిన్ అనే నల్లమందు జాతి నొప్పి గోలీ దించింది. అలవాటు పడరు, భయం లేదు అని డాక్టర్లను నమ్మించింది. 2007లో ఒకసారి, 2020లో మరోసారి కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోపు శ్మశానాలు నిండాయి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుంనొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది: నల్లమందు జాతి మందులు వద్దు, స్టెరాయిడ్లు వద్దు, కండరాల సడలింపు గోలీలు వద్దు, ఆఖరికి నడుం బెల్టూ మామూలుగా వద్దు. కావలసింది నేర్పించి చేయించే వ్యాయామం, నొప్పి సంగతి విడమరిచి చెప్పే మనిషి. మన పీహెచ్‌సీల్లో ఆ మనిషి ఏడి? చెప్పేవాడు లేడు గనుక గోలీ చెబుతోంది.

అసలు బరువు గురించి ఏ చీటీలోనూ ఒక్క ముక్క ఉండదు. ఎండాకాలం ఏజెన్సీలో మోకాటి ఎత్తు చెట్టు నుంచి తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట కడుతూ వంగే నడుమూ, వానాకాలం నాట్లలో వంగే నడుమూ, చలికాలం పత్తిలో, మిర్చిలో వంగే నడుమూ ఒకటే. ఖమ్మం యార్డులో మిర్చి బస్తా, అదే టిక్కీ, ఎత్తే హమాలీదీ, సింగరేణి బొగ్గు లారీ మీద కుదుపులు తినే డ్రైవరుదీ అదే కథ. కూలి పెరగదు, టిక్కీ బరువు తగ్గదు, నాలుగు రోజులు పడుకుంటే పొయ్యి వెలగదు. అందుకని గోలీయే పెరగాలి. 'పవర్ పెంచండి' అనేది ఆ రేకుల గదిలోని మనిషే, కానీ అనిపించేది యార్డు, కాంట్రాక్టరు, అప్పు.

క్యాన్సర్ ముదిరినవాడి పరిస్థితి ఇంకో తమాషా. మార్ఫిన్ అందడం సులువు కావాలని 2014లోనే చట్టం సవరించారు. నిజంగా పవర్ కావలసిన వాడికి మాత్రం అది ఎక్కడుందో వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే గతి. మిగిలిన పవరంతా పొట్లాల్లో పంచేశాం.

ఇది చదివి రేపే గోలీలన్నీ చెత్తబుట్టలో వేయకండి. నెలల తరబడి మింగిన స్టెరాయిడ్, ట్రమడాల్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది, అసలు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. నడుంనొప్పితో కాళ్లు చచ్చుబడినా, కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా ఏ రేకుల గదికీ వెళ్లక అదే గంటలో పెద్దాసుపత్రికి పోండి. మెడికల్ షాపులో మాత్రం ఇకనుంచి ప్రతిసారీ బిల్లు అడగండి. ఇస్తే ఫ్రేము కట్టించుకోండి.