వంద గ్రాముల ప్రాగ్

ప్రాగ్ నగరంలో పాతబస్తీ చౌకుకి మేం చేరేసరికి పన్నెండు కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అప్పటికే టౌన్‌హాలు గోడ ముందు తిరునాళ్ల జనం. అందరి మెడలూ పైకే. ఆ గోడ మీదున్నది 1410 నాటి గడియారం. గడియారమంటే గంటలూ నిమిషాలూ కాదు. సూర్యుడు, చంద్రుడు, పన్నెండు రాశులు, సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టే పాతకాలపు గంటలు... ఏకంగా పంచాంగాన్నే గోడకెక్కించారు. మా ఆవిడ కాసేపు తేరిపార చూసి, "ఇందులో రాహుకాలం ఎక్కడండీ?" అంది.

నాకు అప్పుడే ఆకలి మొదలైంది. చౌకులో ఓ బండి మీద బానలాంటి మూకుడులో బంగాళాదుంప ఉండలూ క్యాబేజీ ఘుమఘుమలాడుతున్నాయి. బోర్డు మీద ధర చూస్తే కారుచవక. సుల్తాన్‌బజార్లో బేరాలాడి పెరిగినవాణ్ని, ఇక్కడ నోరు విప్పే పనే లేదనుకుని "కొంచెం" అన్నట్టు వేళ్లు చూపించాను. బండాయన రెండు గరిటెలు దిట్టంగా వడ్డించి పళ్లేన్ని కాటా మీద పెట్టాడు. కాటా ఎందుకా అని మళ్లీ బోర్డు చూశాను. మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: వంద గ్రాములకి. నా పళ్లెం అరకిలో పైచిలుకు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. అది మన తెలుగు ఊపు కదా, సరేనన్నాననుకున్నాడు.

పళ్లెంతో పరుగెత్తుకొచ్చేసరికి గడియారం మీది అస్థిపంజరం తాడు లాగింది. గంట మోగింది. పై కిటికీల్లో ఏసు శిష్యులు పన్నెండుగురూ ఒక్కొక్కరే దర్శనమిచ్చి వెళ్లారు. కింద అద్దం పట్టుకున్న సోకులరాయుడు, డబ్బు సంచి పట్టుకున్న పిసినారి "మేం రాం" అని మృత్యువుకి తలలూపుతున్నారు. ఆ పిసినారిని చూస్తే సొంత అన్నయ్యని చూసినట్టయింది. చివర్లో బంగారు కోడి జలుబు చేసిన గొంతుతో కూసింది. నిమిషంలో అయిపోయింది. నా వీడియోలో మాత్రం మొదటినుంచి చివరిదాకా ముందాయన టోపీ.

"ఇంతేనా!" అని జనం నిట్టూర్చారు గానీ, ఆరు వందల ఏళ్లు దాటిన గడియారం ఇంకేం చెయ్యాలి, కుప్పిగంతులు వెయ్యాలా?

టౌన్‌హాలు తూర్పు గోడ దగ్గర నేలలో 27 తెల్ల శిలువలు పొదిగారు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మీద తిరగబడినందుకు 1621లో ఈ చౌకులోనే 27 మందికి మరణశిక్ష అమలు చేశారు. వాళ్ల తలూపుని ఎవరూ పట్టించుకోలేదు. అది తెలిశాక ముద్ద దిగలేదు. పళ్లెంలో ఇంకా మూడు వందల గ్రాములుంది.

మీరు వెళ్తే బోర్డు మూలలు కూడా చదవండి. గడియారానికి మాత్రం టికెట్టు లేదు.