నగరేశ్వరరావు

అసలు పేరుతో మనకు పనిలేదు. బంధువులందరం వాడి వెనకాల పిలుచుకునే పేరు నగరేశ్వరరావు. మా అన్నయ్య కొడుకు. ముప్ఫై ఇంకా నిండలేదు, పెళ్లి కాలేదు, బొమ్మలు వేస్తాడు. వెబ్ సిరీస్‌లకు పోస్టర్లు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు, ఎవరిదో ఊరగాయ వ్యాపారానికి సీసా మీద లేబులు, వీటి మధ్యలో ఎప్పటికీ తెగని సినిమా స్క్రిప్టు ఒకటి. చెయ్యి మంచిది, కాదనను. కుదరనిదల్లా ఆ చెయ్యి పెట్టుకుని కూర్చోడానికి ఒక ఊరు.

ఇలాంటివాడు ఇప్పుడు ప్రతి వంశానికీ ఒకడున్నాడు. గుర్తుపట్టడం తేలిక. "ఎక్కడుంటున్నావురా?" అని అడిగి చూడండి. మామూలు మనిషి ఊరి పేరు చెప్తాడు. వీడు "ప్రస్తుతానికా?" అంటాడు. ఆ తర్వాత మీరు తీరికగా కూర్చోవాలి.

వాడి దగ్గర ఒక ఎక్సెల్ షీటుంది. నిలువుగా ఊళ్లు, అడ్డంగా గళ్లు. అద్దె, వాన, ఇంటర్నెట్, నడవడానికి ఫుట్‌పాత్, కాఫీ, నాటకాలు, 'నాలాంటి వాళ్లు', 'ఏకాంతం'. ఒక్కో గడికి పదేసి మార్కులు. చివరి రెండు గళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కదరా అంటే, "అందుకే వాటికి వెయిటేజీ ఇచ్చాను బాబాయ్" అన్నాడు. అమీర్‌పేటలో నేర్చుకున్న కోర్సు వాడికి పనికొచ్చింది ఇక్కడొక్కచోటే.

ఈ పిచ్చికి పుస్తకాధారం కూడా ఉంది. రిచర్డ్ ఫ్లోరిడా అని అమెరికాలో ఒక ప్రొఫెసరు 2002లో 'ద రైజ్ ఆఫ్ ద క్రియేటివ్ క్లాస్' అనే పుస్తకం రాశాడు. సృజన ఉన్న కుర్రకారు ఏ ఊళ్లో చేరితే ఆ ఊరు బాగుపడుతుందని, వాళ్లను రప్పించాలంటే ఊరికి టాలెంటు, టెక్నాలజీ, టాలరెన్సు ఉండాలని ఆయన వాదం. అది చదివిన మేయర్లు ఊరికి నాలుగు కెఫేలు పెట్టించుకున్నారు. మనవాడు చదివి ఉద్యోగం మానేశాడు. ఆయనే 2008లో 'హూజ్ యువర్ సిటీ?' అని మరోటి రాశాడు. ఏ ఊళ్లో ఉంటామన్నది ఉద్యోగమంత, పెళ్లంత పెద్ద నిర్ణయమని అందులో ఉంది. నగరేశ్వరరావు దాన్ని తల్లి ముందు పెట్టి, ముందు ఊరు, తర్వాతే పెళ్లి అన్నాడు. మా వదిన చదువు ఎస్సెల్సీ దగ్గర ఆగింది గానీ బుర్ర ఆగలేదు. "ఆ రాసినాయనకి పెళ్లయిందంటరా?" అంది. వీడు ఫోన్లో వెతికాడు. అయింది. అప్పట్నుంచి ఆ పుస్తకం పేరు ఇంట్లో ఎత్తడం మానేశాడు.

మాది తెనాలి. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. ఊళ్లోంచి కాలవలు పారుతున్నాయి కనక అని ఒకరు, నాటకాలూ సినిమాల పిచ్చి వల్ల అని ఒకరు చెప్తారు. కళాకారుడన్నవాడు ఒక్కసారైనా ప్యారిస్‌లో బతకాలి అని వీడంటే, "పుట్టిందే అందులో, ఇంకా ఎక్కడికి పోతావురా నాయనా" అంటుంది వదిన. తెనాలికి వాడి షీటులో గడే లేదు. పుట్టిన ఊరికి మార్కులు వేయడం పక్షపాతమవుతుందట.

మొదట హైదరాబాదే వచ్చాడు. కృష్ణానగర్‌లో అసిస్టెంటు డైరెక్టర్లతో కలిసి గది. అన్నపూర్ణ స్టూడియో నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, సాయంత్రం లామకాన్‌కి పోతే సమోసా తింటూ ఎవరో ఒకరి కవిత్వం వినొచ్చు. ఇంతకన్నా ఏం కావాలి? "ఇక్కడ నలుగురు కూర్చుంటే రెండే మాటలు బాబాయ్. మా వాడు అమెరికాలో ఉన్నాడు, మాకు శంకర్‌పల్లిలో ప్లాటుంది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ సమయానికి నేను మోకిలా దగ్గర ప్లాటు గురించే మాట్లాడుతున్నాను. వాడు బెంగుళూరు బస్సెక్కేశాడు.

బెంగుళూరులో వాడికి జరిగిన ఇంటి ఇంటర్వ్యూ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జాతి జీవుల చరిత్ర మొత్తం ఆ వరండాలోనే ఉంది. మారతహళ్లి లోపల మూడంతస్తుల ఇల్లు. ఓనరు తెలుగాయనే, తరాల నాడు అక్కడ స్థిరపడ్డ కుటుంబం. లుంగీ కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వీణ్ణి మాత్రం కూర్చోమనలేదు.

"ఏం పనప్పా?"

"బొమ్మలు వేస్తానండి."

"ఏ కంపెనీలో?"

"కంపెనీ లేదండి. ఫ్రీలాన్సు."

ఆయన లోపలికి తిరిగి భార్యతో, "పాపం, ఉద్యోగం పోయిందంట" అన్నాడు. మళ్లీ ఇటు తిరిగి, "పెండ్లి?"

"కాలేదండి."

"మాంసం తింటావా?"

తెనాలి కుర్రాడు. తినను అని అబద్ధమాడాడు.

"స్నేహితులు వస్తారా?"

"అప్పుడప్పుడూ వస్తారండి."

"ఆడపిల్లోళ్లు?"

వీడు ఆలోచించాడు. నిజం చెప్పాలంటే వచ్చేవాళ్లెవరూ లేరు. లేరని ఒప్పుకుంటే వాడి పరువు పోతుంది, వస్తారంటే ఇల్లు పోతుంది. ఆ ఆలోచించినంతసేపట్లోనే ఇల్లు పోయింది. "ఫ్యామిలీకే ఇస్తామప్పా, బోర్డు చూడలేదా" అన్నాడాయన. పైగా పది నెలల అద్దె అడ్వాన్సు. అంత డబ్బు చేతిలో ఉంటే వీడు ఊరే కొనుక్కునేవాడు కాదూ!

ఆ ప్రొఫెసరు చెప్పిన మూడో గుణం, అదే టాలరెన్సు, ఊరికి ఉంటే చాలదు. రెండో అంతస్తు ఖాళీగా ఉన్న ఆ ఒక్క మనిషికి ఉండాలి. మన కుర్రాడు ఏడాదిగా ఊళ్లకు మార్కులు వేస్తున్నాననుకుంటున్నాడు. కానీ ఊరూరా వరండాల్లో లుంగీలు కట్టుకున్న పరీక్షాధికారులు కూర్చుని వీడికే మార్కులు వేస్తున్నారు, రాతపరీక్ష దాకా కూడా పోనివ్వకుండా.

చివరికి పీజీలో దిగాడు. ముగ్గురికో గది. మిగతా ఇద్దరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగువాళ్లు. ఒకడిది అమెరికా షిఫ్టు కనక పగలు లైటు వేయకూడదు. ఇంకొకడిది మామూలు షిఫ్టు, రాత్రి లైటు వేయకూడదు. 'నాలాంటి వాళ్లు' అన్న గడిలో బెంగుళూరుకు వాడు తొమ్మిది వేసి ఉన్నాడు. ఆ తొమ్మిది మార్కులవాళ్లంతా ఇందిరానగర్‌లో ఉన్నారట. అక్కడి అద్దెలు వేరే గడి.

అయినా నాటకం చూడాలి కదా. జేపీ నగర్‌లో రంగశంకర ఉంది. 2004లో మొదలైన మంచి థియేటరు, దేశంలో నాటకం ఎరిగినవాళ్లందరికీ తెలుసు. అక్కడొక నియమం ఉంది. గంట కొట్టి తలుపు మూశాక ఎవరొచ్చినా తియ్యరు. మారతహళ్లి నుంచి జేపీ నగర్ వెళ్లాలంటే సిల్క్ బోర్డు కూడలి దాటాలి. సిల్క్ బోర్డు సంగతి తెలిసినవాళ్లకు తర్వాతి వాక్యం అక్కర్లేదు. మనవాడు తలుపు బయట నిలబడి, లోపల జనం నవ్వడం విని, కెఫేలో కాఫీ తాగి తిరుగు బస్సెక్కేవాడు. ఒకే నాటకానికి రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ నవ్వు మాత్రమే విన్నాడు. అది విషాదాంత నాటకమని ఎవరో చెప్తే ఇప్పటికీ నమ్మడు.

బొంబాయి సంగతి తొందరగా ముగిద్దాం, అక్కడ వాడి డబ్బూ అలాగే ముగిసింది. వర్సోవాలో పదకొండు నెలల అగ్రిమెంటు, బ్రోకరుకు ఒక నెల అద్దె, సొసైటీ కమిటీ అనుమతి. పక్కనే ఆరామ్‌నగర్‌లో సందుకో ఆడిషను. పృథ్వీ థియేటర్‌లో సులేమానీ చాయ్ తాగుతుంటే చుట్టూ కూర్చున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఒక స్క్రిప్టుంది, వినేవాడు మాత్రం లేడు. 'నాలాంటి వాళ్లు' గడిలో పదికి పది వచ్చిన ఊరు అదొక్కటే. అంతమంది తనలాంటి వాళ్లను ఒకేచోట చూసేసరికి వాడికి భయమేసి తిరిగొచ్చేశాడు.

మద్రాసుకు మాత్రం భక్తితో వెళ్లాడు. మా తెనాలిలో 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా 'చందమామ'ను నడిపిన ఊరు. బాపు, రమణలు ఉన్న ఊరు. వడపళనిలో స్టూడియోలు వెతికితే విజయా వాహినీ వారి స్థలంలో పెద్ద మాల్ కనపడింది. పాండీబజారులో తెలుగు మాట వినపడుతుందేమోనని చీకటి పడేదాకా తిరిగాడట. వినపడింది, చీరల కొట్లో తిరుపతివాళ్లు బేరమాడుతున్నారు. "ఒరేయ్, నువ్వు వెతికేవాళ్లంతా సామాను సర్దుకుని ఎప్పుడో హైదరాబాదొచ్చేశారు, నువ్వు విడిచిపెట్టిపోయిన కృష్ణానగర్ అదే" అన్నాను. చరిత్ర గడిలో మద్రాసుకు తొమ్మిది వేసి, ఉక్కపోత గడిలో తీసేశాడు.

తర్వాత పాండిచ్చేరి మీదికి మనసు పోయింది. ఫ్రెంచి గోడలు, పసుపు రంగు, సైకిళ్లు. వదిన తరఫున కాకినాడ బంధువొకాయన కలగజేసుకుని, "దానికంతదూరమెందుకయ్యా, మా పక్కన యానాం ఉంది. అదీ పుదుచ్చేరీ లెక్కే, 1954 దాకా ఫ్రెంచివాళ్లే ఏలారు. గోదారుంది, పులస దొరికే కాలంలో పులస ఉంది" అన్నాడు. యానాం పేరు వినగానే వాడి మొహం చూడాలి! కాకినాడ నుంచి ఆర్టీసీ బస్సు పోయే ప్యారిస్‌ ఏ కళాకారుడికీ పనికిరాదు.

వాడి వాదాలకు లోటు లేదు. "చలం కూడా బెజవాడ వదిలి 1950లో అరుణాచలం వెళ్లిపోయాడు కదమ్మా" అంటాడు. "పేరొచ్చిన పుస్తకాలన్నీ రాసేశాకే వెళ్లాడురా ఆయన" అంటుంది వదిన. నేను వడ్డాది పాపయ్యగారి మాట తెచ్చాను. వపా అన్న సంతకం చూస్తే చాలు, చందమామ అట్ట మీద దేవతలు దిగేవాళ్లు. ఆయన ఉన్నది కశింకోటలో, అనకాపల్లి పక్కన. బొమ్మ వేసేవాడు, పంపేవాడు. "అప్పట్లో పోస్టాఫీసులు బాగుండేవి బాబాయ్" అన్నాడు. చేతిలో ఫైవ్‌జీ ఫోను పెట్టుకుని అన్న మాట ఇది!

ఈ జాతిలో ఆడపిల్లలూ ఉన్నారు గానీ వాళ్ల షీటు వేరు. మాకు తెలిసిన ఖమ్మం అమ్మాయి ఒకర్తె, సినిమాలకు ఎడిటింగు చేస్తుంది. వీడి కథ చెప్తే నవ్వి తన ఫోన్లో లెక్క చూపించింది. చివరి మెట్రో ఎన్నింటికి? దిగాక ఇంటికి ఎంత నడవాలి? ఆ నడకలో వీధి దీపాలు వెలుగుతాయా? హాస్టలు గేటు ఎన్నింటికి వేస్తారు? వేశాక ఫోను చేస్తే తీసే మనిషి ఎలాంటివాడు? స్టూడియోలో ఆడవాళ్లకు వేరే బాత్రూం ఉందా? ఇలాంటి గళ్లుంటే ఊళ్లు వాటంతటవే రాలిపోతాయి. ఆమెకు మిగిలింది యూసుఫ్‌గూడ. రెండు రోజుల్లో తేల్చుకుని మూడో రోజు పనిలో కూర్చుంది. మరి వైబు సంగతేంటమ్మా అంటే, "ఆదివారం చూస్కుంట అంకుల్, టైముంటే" అంది.

వదినకు ఈ అమ్మాయి సంగతి చేరవేసిన పాపం మా ఆవిడది. ఏదో వంకన ఇద్దరూ కాఫీ తాగేలా చేశారు. మనవాడు కూర్చోగానే, "అయిదేళ్ల తర్వాత మీరు ఏ ఊళ్లో ఉండాలనుకుంటున్నారు?" అని అడిగాడట. ఆ పిల్ల గడియారం చూసుకుని, "ఏడు గంటలకు పంజాగుట్టలో ఉండాలండి" అని లేచింది.

ఈమధ్య వైజాగ్ మీద ఉన్నాడు. సముద్రం, కొండ, పక్కనే అరకు, అద్దె తక్కువ. మార్కులు కూడితే మొదటిస్థానం వచ్చింది కూడా. వచ్చాక బెంగపెట్టుకున్నాడు. షీటు తేల్చేస్తే ఇక దిగి బొమ్మలు వేయాలి కదా. 'అర్ధరాత్రి టీ' అని కొత్త గడి కలిపి మళ్లీ మొదలెట్టాడు.

వదిన ఓపిక అయిపోయింది. మొన్న ఫోను చేసి, "ఏమయ్యా, మీ డాబా మీద గది ఖాళీగా ఉందంట కదా. వాణ్ణి అందులో పడెయ్యరాదూ. అద్దె నేను పంపిస్తాలే" అంది. మేముండేది చిక్కడపల్లి. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, త్యాగరాయ గానసభ ఉంది, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమాహాళ్లు నడక దూరం. ఇంతటి కళాక్షేత్రం మరెక్కడుంది చెప్పండి. కానీ గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద, మా ఆవిడ చేత్తో, ఎర్ర స్కెచ్ పెన్నుతో 'ఫ్యామిలీకి మాత్రమే' అని రాసి ఉంది.

"అదికాదు వదినా, వాడు మనవాడే అనుకో," అని నసిగాను. "బ్యాచిలర్లకు ఇవ్వకూడదని కింద వాటావాళ్లకు మాటిచ్చాం. స్నేహితులొస్తారు, రాత్రిళ్లు లైట్లు, మళ్లీ ఆ ఫ్రీలాన్సు అంటే అద్దె ఏ తారీఖున..."

ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది. అవతల నుంచి నగరేశ్వరరావు గొంతు వినపడింది.

"ఫర్లేదు బాబాయ్, మొహమాటపడకు. మీ ఏరియాకి నా షీటులో నాలుగు మార్కులే."