టోక్యో వనితల వేషధారణ: పరిశీలకులకు కరదీపిక

ఉద్యోగం మీద టోక్యో వచ్చి, నిషికసాయిలో ఇల్లు తీసుకుని, కందిపప్పు దొరికే కొట్టు ఆచూకీ పట్టాక తెలుగువాడికి మిగిలే పని ఒక్కటే: ఇక్కడి ఆడపిల్లల మీద ఒక అభిప్రాయం ఏర్పరచుకోవడం. ఉగాది సంచికకి వ్యాసం అడుగుతారు. ఫోన్లో అమ్మ అడుగుతుంది, "అక్కడి ఆడపిల్లలు ఎలా ఉంటార్రా?" అని. "తెలీదమ్మా" అంటే ఇన్నాళ్లూ అక్కడేం చేస్తున్నావనే ప్రశ్న వస్తుంది. అందుకే ఈ సూచనలు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరితోనూ మాట్లాడకండి. పలకరించారా, ఆవిడకో పేరు, ఓ ఊరు, ఇంటద్దె బాధ, పంటినొప్పి అన్నీ బయటపడతాయి. వాటితో వ్యాసం రాయలేం. మనకి కావలసింది "జపాన్ అమ్మాయిలు" అనే బహువచనం. అది దూరం నుంచే కుదురుతుంది.

ఆదివారం హరాజుకు పేటకి వెళ్లండి. స్టేషన్ ఎదురుగా తకెషితా వీధి, 350 మీటర్ల సందు. సందంతా జనం, క్రేపుల వాసన. ఇక్కడి వేషాలు చూడాలంటే మీరు కొంచెం ఆలస్యంగా పుట్టారు. 1997లో 'ఫ్రూట్స్' అనే పత్రిక పెట్టి ఈ పేటలో కుర్రకారు ముస్తాబులు ఫొటోలు తీసిన షోయిచి అఓకి, తీయదగ్గ వాళ్లు కనబడటం లేదని 2017లో దాన్ని ఆపేశాడు. మీరు మాత్రం అధైర్యపడొద్దు. ఆయనకో బలహీనత ఉంది: ఏ ముక్క ఎక్కడ కొన్నారు, ఏం చదువుతున్నారు, ఎవరంటే ఇష్టం అని అడిగి మరీ ఫొటో కింద అచ్చు వేసేవాడు. అడిగితే సమాధానాలు వస్తాయి, వాటితో పేచీ.

విదేశీ బట్టలంటే కురచ బట్టలని మీరు విమానంలోనే నిర్ణయించుకుని ఉంటారు. ఈ వీధిలో లోలిటా అనే ఫ్యాషన్‌లో ముస్తాబైన పిల్ల ఎదురైతే ఇబ్బందే. మెడ నుంచి మోకాళ్ల కింది దాకా లేసులు, లోపల బుట్టలా నిలబడే లంగా, ఆ కింద మేజోళ్లు, తలమీద టోపీ, చేతిలో గొడుగు. ఇందులో విచ్చలవిడితనం ఎక్కడా దొరకదు, సంప్రదాయమూ దొరకదు. దీన్ని "మినహాయింపు" అని రాసుకుని నడవండి. వేసవిలో ఆఫీసు దారిలో ఎండకి మోచేతుల దాకా తొడుగులు, ముఖానికి మాస్కు, నల్లగొడుగు వేసుకున్న అమ్మాయిలు కనిపిస్తారు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర చున్నీ ముఖమంతా చుట్టుకుని, కళ్లొక్కటే కనిపించేలా స్కూటీ మీద ఆగిన పిల్ల గుర్తొస్తుందా? వెంటనే మర్చిపోండి. విదేశం విదేశంలా ఉండాలి.

ఫొటోల జోలికి పోకండి. ఇక్కడ అమ్మే ఫోన్ల కెమెరా నొక్కగానే శబ్దం చేస్తుంది, ఆపే మీట ఉండదు. ఆడవాళ్లని చాటుగా తీసేవాళ్లు ఎక్కువైతే కంపెనీలే పెట్టుకున్న ఏర్పాటది. చాలలేదేమో, 2023 జులైలో దొంగచాటు చిత్రీకరణ మీద విడిగా చట్టమే వచ్చింది. పొద్దున్న రైలెక్కేటప్పుడు ప్లాట్‌ఫారం మీద గులాబి గుర్తు చూసుకోండి, రద్దీ వేళ ఆ పెట్టె ఆడవాళ్లకే. "జపాన్లో స్త్రీలకి ఎంత గౌరవం!" అని ఒక వాక్యం వస్తుంది. ఆ పెట్టె ఎవరి చేతులకి భయపడి పెట్టారో విచారిస్తే వాక్యం పాడవుతుంది.

మార్చి వచ్చేసరికి ఊరి రంగు మారిపోతుంది. డిగ్రీ ఆఖరి ఏడాదిలోకి వచ్చే పిల్లలు ఉద్యోగాల వేటలో పడతారు. అందరికీ అదే నల్ల కోటు, తెల్ల చొక్కా, నల్ల హీల్స్, వెనక్కి లాగి కట్టిన నల్ల జుట్టు. పోయిన నెల హరాజుకులో గులాబి జుట్టుతో మీ నోటుబుక్కులోకి ఎక్కిన పిల్ల ఇందులోనే ఉండొచ్చు, మీరు గుర్తుపట్టరు. "క్రమశిక్షణ వీళ్లకి పుట్టుకతో వస్తుంది" అని రాసేయండి. కాళ్లవైపు మాత్రం చూడకండి, మడమల వెనక బ్యాండ్ ఎయిడ్లు కనిపిస్తాయి. అంత్యక్రియలు జరిపించే చోట పార్ట్‌టైమ్ చేసిన యుమి ఇషికావా అనే నటికి, పక్కన మగవాళ్లు చదును బూట్లతో చేసే పనికే తనకి హీల్స్ ఎందుకో అర్థం కాలేదు. 2019లో ఆ మాట బయట అన్నది. హీల్స్ బలవంతం వద్దంటూ 18 వేలకి పైగా సంతకాలు కార్మికశాఖకి చేరాయి. హీల్స్ అవసరమేనని సమాజం ఒప్పుకుంటుందన్నట్టు మంత్రిగారు సెలవిచ్చారు. ఆ ఏడాది చివర్లోనే, కొన్ని కొలువుల్లో ఆడవాళ్లు కళ్లజోడు పెట్టుకోకూడదన్న సంగతీ రచ్చకెక్కింది. 2020లో జపాన్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి హీల్స్ నిబంధన ఎత్తేసింది. ఇదంతా రాస్తే ఫ్యాషన్ వ్యాసం కాస్తా కార్మికశాఖ ఫైలవుతుంది. ఉగాది సంచికలో దానికి చోటు లేదు.

అమ్మకి పంపే ఫొటో కోసం జనవరి రెండో సోమవారం దాకా ఆగండి. యుక్తవయసు పండుగ అది. 2022 నుంచి మేజర్ అయ్యే వయసు 18కి దిగినా, చాలా ఊళ్లలో వేడుక ఇరవయ్యేళ్ల వాళ్లకే చేస్తున్నారు. పొడుగు చేతుల ఫురిసొదె కిమోనో, మెడ చుట్టూ తెల్లటి బొచ్చు. పెళ్లికాని పిల్లలే కట్టుకుంటారు. అడిగి, నిలబెట్టి, శబ్దంతో సహా ఫొటో తీసుకోండి. చాలామందివి అద్దె బట్టలని, తెల్లవారకముందే సెలూన్లో కూర్చుంటే తప్ప ఆ అలంకరణ కుదరదని అమ్మకి చెప్పకండి. "చూశావా నాన్నా, వాళ్లు మర్చిపోలేదు, మనవాళ్లే అన్నీ వదిలేశారు" అంటుంది అమ్మ, నైటీ మీద తువ్వాలు సర్దుకుంటూ.

ఇక జీవనశైలి. ఒక్కర్తే కూర్చుని రామెన్ తినే అమ్మాయి మీకు కనిపించి తీరుతుంది. "పాపం, ఒంటరి" అని రాయండి. పక్క బల్ల మీద ఒంటరిగా తింటున్న మీరు లెక్కలోకి రారు, మీరు పరిశోధనలో ఉన్నారు. కాఫీ షాపులో ఇంకో ఆవిడ ఐస్‌క్రీం పక్కన తన అభిమాన గాయకుడి అట్టబొమ్మ నిలబెట్టి ఫొటో తీస్తుంది. "పిచ్చి" అని రాయండి. హీరో కటౌట్‌కి పాలాభిషేకం చేసిన బావమరిది విషయం వేరే వ్యాసం.

అచ్చయ్యాక ఒకటే ప్రమాదం. మీ ఆఫీసులో పక్క సీటావిడ ఫోన్ అనువాదంలో పెట్టి చదివేయొచ్చు. కాబట్టి వాక్యానికో సామెత దట్టించండి, యంత్రం తడబడుతుంది. అప్పటికీ ఆవిడ వచ్చి ఏదైనా అడగబోతే నవ్వి, వంగి దండం పెట్టి, మీటింగుందని వెళ్లిపోండి. మొదటి సూచన చెప్పాం కదా.