పాత ఇనుముకు పై పాట

ఏ మ్యూజియానికి వెళ్ళినా "నిశ్శబ్దం పాటించండి" అని ఓ బోర్డు మనల్ని పలకరిస్తుంది. రోలర్ కోస్టర్లకు మ్యూజియం పెట్టినవాళ్ళు ఆ బోర్డు ఎక్కడ తగిలించాలో తెలీక తల పట్టుకునుంటారు. అక్కడ దాచుకోవాల్సిన అసలు సరుకు కేక! అది రెండు నిమిషాల్లో పుట్టి గాల్లో కలిసిపోతుంది, అద్దాల బీరువాలో ఇమడదు. చేసేదిలేక ఆ కేక పెట్టించిన సామానంతా పోగుచేస్తున్నారు. విప్పేసిన కోస్టర్ల బోగీలు, చక్రాలు, మూతపడ్డ పార్కుల గుర్తులు, అట్టపెట్టెల్లో పాత కాగితాలు.

ఈ మ్యూజియం టెక్సస్‌లో ప్లెయిన్‌వ్యూ అనే చిన్న ఊళ్ళో ఉంది. చుట్టూ పత్తి చేలు. నేల ఎంత చదునంటే గోలీకాయ పెడితే పెట్టినచోటే ఉంటుంది. ఎత్తుపల్లాల చరిత్రకి ఇల్లు కట్టడానికి అమెరికా మొత్తంలో ఇదొక్కటే దొరికిందా అనిపిస్తుంది. 1884లో లామార్కస్ థాంప్సన్ ఐదు సెంట్ల టిక్కెట్టు పెట్టి న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో రోలర్ కోస్టర్ నడిపించాడు, అక్కడ పెట్టొచ్చుగా? (ఆ బండి వేగం గంటకు ఆరు మైళ్ళు. పక్కన నడిచేవాడు కాస్త పరుగందుకుంటే ముందు దిగేది వాడే.) కాకపోతే ప్లెయిన్‌వ్యూలో లార్సన్ అనే రైడ్ల తయారీ సంస్థ ఉంది, బోగీలు పడేసుకోవడానికి బోలెడంత చోటుంది. జనమే లేరు. దారి తప్పి వచ్చినవాళ్ళు కొనే టిక్కెట్లతో షెడ్డు కరెంటు బిల్లు కూడా గట్టెక్కదని నా అనుమానం.

అందుకని డబ్బున్నవాళ్ళు ఎక్కడుంటే మ్యూజియమే అక్కడికెళ్ళి జోలె పడుతుంది. 1918లో పుట్టిన ఐయాపా అనే వినోద పార్కుల సంఘం ఏటా నవంబరులో ఆర్లాండోలో ఎక్స్‌పో పెడుతుంది. రైడ్లు చేసేవాళ్ళు, కొనేవాళ్ళు, పాప్‌కార్న్ మిషన్లవాళ్ళు అందరూ ఒక్క కప్పు కింద ఉంటారు. ఆ సందట్లోనే మ్యూజియం తరఫున వేలం పాట.

నన్ను అక్కడికి లాక్కెళ్ళినవాడు మా బావమరిది. తణుకు నుంచి చుట్టుపక్కల ఎగ్జిబిషన్లకి జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్ తిప్పుతాడు. కొత్త మిషన్ ఏదైనా చవగ్గా తగులుతుందేమోనని వచ్చాడు. మా అమ్మాయింట్లో ఖాళీగా కూర్చున్న నన్ను ఇంగ్లీషు మాట్లాడ్డానికి తోడు తీసుకెళ్ళాడు. టై కట్టుకున్న పెద్దమనుషులు డ్రాగన్ మూతి బోగీల్లో కూర్చుని, ల్యాప్ బార్ పొట్ట మీదికి దించుకుని, నవ్వకుండా ధరలు మాట్లాడుకుంటున్నారు. ఉచితంగా ఇచ్చే ఐస్‌క్రీం, పాప్‌కార్న్ ముక్కలతో మావాడు మధ్యాహ్నం భోజనం కానిచ్చేశాడు.

వేలం మొదలైంది. అమెరికా పాటగాడికి మనలా ఒకటోసారి, రెండోసారి అని నిదానంగా పిలిచే ఓపిక ఉండదు. ఊపిరి తీసుకోకుండా అంకెలు వల్లిస్తాడు.

"బావగారూ, ఈయనకి పూనకం వచ్చినట్టుందండీ. ఎవరైనా వేపమండలు పట్రండర్రా" అన్నాడు మావాడు.

విప్పేసిన చెక్క కోస్టర్ తాలూకు బోగీ ఒకటి పాటకొచ్చింది. రంగు పెచ్చులూడింది, సీటు రెక్సిన్ చిరిగింది. అంతకుముందే మావాడు మోకాళ్ళ మీద కూర్చుని దాని కింద తల దూర్చి చూసొచ్చాడు. కింద వైపు నుంచి పట్టాను పట్టుకునే చక్రాలున్నాయి. బోగీ ఎగిరిపోకుండా చేసే ఈ ఏర్పాటుకి జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు జనాన్ని పట్టాల మీద నిలిపింది బరువూ, దైవభక్తీ. పట్టా వెంబడి ఉండే పళ్ళపట్టీలో పడే కొక్కెం కూడా ఉంది. కోస్టర్ పైకెక్కేటప్పుడు టకటకమనేది అదే. భయపెట్టడానికి కాదు, బండి వెనక్కి జారిపోకుండా.

"బేరింగులు పోయాయి. ఐదొందల కిలోలు తూగుతుంది. కిలో ముప్పై వేసుకోండి, పదిహేను వేలు" అని తేల్చాడు మావాడు. పాట ఆ పదిహేను వేలు దాటింది. తర్వాత మావాడు ఫోన్లో డాలర్లని రూపాయల్లోకి మార్చడం మానేశాడు. కాసేపు మాట రాలేదు.

"ఇది తిరగదు కదండీ?"

"తిరగదు."

"తిరగనిదానికి ఇంతా!"

మామూలు వేలంలో తక్కువకి కొట్టేసినవాడు మీసం తిప్పుతాడు. ఇక్కడ తక్కువకి వస్తే నామోషీ. వ్యాపారంలో లెక్కకొచ్చే ప్రతి మనిషీ అక్కడే కూర్చున్నాడు, పోటీదారు రెండు కుర్చీల అవతలే ఉన్నాడు. నేను బాలాపూర్ గణపతి లడ్డూ పేరెత్తాను. 1994లో 450 రూపాయలు పలికిన లడ్డూ, 2024లో 30 లక్షలు దాటింది. అక్కడెవరూ మినప్పప్పు రేటు, నెయ్యి రేటు లెక్కగట్టరు.

"లడ్డూకి మినప్పప్పు వెయ్యరండీ, శనగపప్పు" అన్నాడు మావాడు. మిగతాదంతా అర్థమైనట్టే.

నాకు మాత్రం వేరే సంగతి గుచ్చుకుంది. ఈ కోస్టర్లని పడగొట్టేది ఎవరు? ఈ హాల్లోవాళ్ళే. కొత్తదానికి చోటు కావాలంటే పాతది పోవాలి, కొత్తది అమ్మే స్టాల్ పక్కనే ఉంది. న్యూజెర్సీలో 2005లో లేచిన కింగ్డా కా ఎత్తు 456 అడుగులు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కోస్టర్ అనిపించుకున్న దాన్ని 2025 ఫిబ్రవరిలో మందుగుండు పెట్టి క్షణాల్లో కూల్చేశారు. కూల్చిన చేత్తోనే ముక్క ఏరి, దానికి పాట పెట్టి, ఆ డబ్బుతో చరిత్రని కాపాడతారు. వీళ్ళ గుండె ఏ భాగంలో మెత్తగా ఉంటుందో డాక్టర్లే చెప్పాలి.

అందరూ ముక్కతో సరిపెట్టుకోరు. కెనడాలో క్రిస్టల్ బీచ్ అనే పార్కులో 1927లో సైక్లోన్ అనే కోస్టర్ వచ్చింది. దిగినవాళ్ళని చూసుకోవడానికి ప్లాట్‌ఫారం మీద ఓ నర్సుని పెట్టారంటే దాని మర్యాద ఊహించుకోండి. 1946లో అది మూతపడింది. దాని ఉక్కులో కొంత తీసి 1948లో కామెట్ అనే మరో కోస్టర్ కట్టారు. 1989లో పార్కే మూతపడితే, న్యూయార్క్ రాష్ట్రంలో గ్రేట్ ఎస్కేప్ పార్కు పెట్టిన చార్లెస్ వుడ్ వేలంలో కామెట్‌ని ఉన్నపళంగా కొనేసి, విప్పించి పట్టుకెళ్ళాడు. 1994 నుంచి అది అక్కడ తిరుగుతోంది.

"అంటే పాత ఇనుమేగా!" అని మావాడు కుర్చీలోంచి లేచాడు. పాటగాడు వాణ్ణి ఆశగా చూశాడు. నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

కూర్చున్నాడే గానీ మనసు కుదురుగా లేదు. వాళ్ళ నాన్న, అంటే మా మామగారు, తీర్థాల్లో చేత్తో రంగులరాట్నం తిప్పేవారు. దాని కొయ్యగుర్రాలు అటక మీద ఉండాలి. కాఫీ విరామంలో ఇంటికి ఫోను కొట్టాడు. తణుకులో ఇంకా తెల్లారలేదు.

"ఒసేయ్, అటక మీద నాన్నగారి గుర్రాలున్నాయి చూడు, అవి జాగ్రత్త. ఎవడైనా కిలోల్లెక్కన అడిగితే గుమ్మం ఎక్కనివ్వకు."

"గుర్రాలేంటండీ? పోయిన భోగికి మంటలో వేసేశాంగా" అంది మా చెల్లెమ్మ నిద్రమత్తులో. "అటక ఖాళీ చెయ్యమని మీరే కదా నిచ్చెనేసుకుని దింపారు? కొత్త బ్రేక్ డ్యాన్సు మోటారు పెట్టాలని!"