దగ్గరదారి ఉత్తర ధ్రువం మీదుగా

కాపెల్‌లో ఇల్లు కొన్నవాళ్లు స్కూళ్ల గురించి ఒకసారి చెబితే ఎయిర్‌పోర్టు గురించి పదిసార్లు చెబుతారు. చెప్పుకోరా మరి! 1974లో విమానాల రాకపోకలు మొదలైన డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం మాకు ఆనుకునే ఉంది. దాని నేలలో కొంత ముక్క మా ఊరి పొలిమేరలోకే వస్తుంది. విస్తీర్ణంలో అది న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దీవి కంటే పెద్దది.

ఈ ఇరుగుపొరుగుతనం వల్ల నాకు ఒరిగిందేమిటంటే, సెలవులొస్తే మా డ్రైవ్‌వే నిండా ఫ్రిస్కో, మెకిన్నీ మిత్రుల కార్లు. "అన్నా, మూడు వారాలే, ఓ మూలన ఉంటుంది" అని తాళాలు చేతిలో పెట్టి, టెర్మినల్ దగ్గర దింపే పని కూడా నాకే అప్పజెబుతారు. పార్కింగ్ ఫీజు కింద తిరుగు ప్రయాణంలో ఓ పూతరేకుల డబ్బా ముడుతుంది.

మా గడప నుంచి టెర్మినల్ పావుగంట. అక్కణ్ణుంచి హైదరాబాద్ సుమారు 14,400 కిలోమీటర్లు. అయితే ఆ దగ్గరదారి తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద, హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. అంటే భూగోళానికి దాదాపు చెరోవైపు. అందుకని గీత గీస్తే అది నేరుగా ఉత్తరానికి ఎగబాకి, ధ్రువాన్ని రాసుకుంటూ సైబీరియా మీదుగా దిగుతుంది. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా ఆవిడ, "కుబేరుడి దిక్కున మా పుట్టిల్లు ఉండడంలో వింతేముంది?" అంటోంది.

ఆ దారిన పోయే విమానం మాత్రం లేదు. సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైచిలుకు ఆగకుండా ఎగిరే విమానం ఉంది. మనం మాత్రం దుబాయిలోనో దోహాలోనో దిగి మారాలి.

తెనాలి బాబాయికి ఈ కిలోమీటర్లు పట్టవు. "గంటల్లో చెప్పరా" అంటాడు. పోయిన వేసవిలో ఆయనా పిన్నీ దుబాయిలో రాత్రి రెండింటికి విమానం ఎక్కి, పదహారు గంటలు కూర్చుని, అదే రోజు పొద్దున తొమ్మిదింటికి ఇక్కడ దిగారు. ఆ రెండు ఊళ్లకూ వేసవిలో తొమ్మిది గంటల తేడా. బాబాయి కాఫీ గ్లాసు పక్కనపెట్టి వేళ్లు మడిచాడు.

"రెండింటికి ఎక్కాం. తొమ్మిదింటికి దిగాం. ఏడు గంటలు. ఇంతోటి దానికి ఎంత హడావుడి చేశార్రా!"

"ఏడు గంటల్లో అన్నిసార్లు తిండి పెట్టారా?" అంది పిన్ని.

"మరి టికెట్టు అంతెందుకనుకున్నావు?"

తిరుగు ప్రయాణం నాడు లెక్క తిరగబడింది. మధ్యాహ్నం ఎక్కితే దుబాయిలో దిగేది మర్నాడు దాదాపు అదే వేళకి. పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి నిజానికి పోయేటప్పుడే గంటన్నర తక్కువని నా తలప్రాణం తోకకొచ్చేలా చెప్పాను.

"నీ గాలి కబుర్లు నాకొద్దు" అన్నాడు బాబాయి, సూట్‌కేసు తాళం మూడోసారి లాగి చూస్తూ. "ఇక్కడికి రావడానికి ఏడు గంటలు, ఇంటికి పోవడానికి రోజంతా. అందుకేరా మీరెవ్వరూ ఊరు రానిది."

"శంషాబాద్‌లో దిగాక తెనాలికి ఇంకా కారులో పోవాలిగా?" పిన్ని గుర్తుచేసింది.

"అదీ అసలు దూరం! ఆరు గంటలు కూర్చుంటే ఆరు గంటలూ అయిపోతాయి. ఒక్క నిమిషం కలిసిరాదు."