గుట్టను మాయం చేసేవారికి ఎనిమిది చిట్కాలు

కరీంనగర్ దిక్కు ఓ గ్రానైట్ గుట్ట మీ చేతికొచ్చిందా? శుభం. టాన్ బ్రౌన్ రాయికి గిరాకీ ఎక్కడికీ పోదు. చిక్కల్లా ఒక్కటే. రాయి తీసేముందు ఆ గుట్ట మీద ఏమేం బతుకుతున్నాయో చెప్పాలట, తీశాక నేలను మళ్లీ నేలలా చేయాలట. చెమట పట్టకుండా ఈ రెండూ దాటే దారి ఇదిగో.

1. ముందు గుట్టను ముక్కలు చేయండి. 5 హెక్టార్లు దాటితే తిప్పలు పెరుగుతాయి. 4.9 చొప్పున కోసి మీ పేర, తమ్ముడి పేర, బావమరిది పేర రాయించండి. 500 మీటర్లలోపున్న క్వారీలన్నిటినీ ఒకే గుంపుగా లెక్కగట్టాలని 2016లో కేంద్రం అంది. అననివ్వండి. టేపును వదులుగా వేలాడదీస్తే దూరం దానంతటదే పెరుగుతుంది. అలా పట్టుకునే సర్వేయరును వెతుక్కోండి.

2. సర్వేకు మే నెల మించింది లేదు. వానాకాలం కాకుండా ఒక్క సీజను చూస్తే చాలని నిబంధనే చెబుతోంది. కప్పలు మట్టిలో నిద్రపోతుంటాయి, గడ్డి మాడిపోయి ఉంటుంది, చెట్లకు ఆకుండదు. పొద్దున్నే పోకండి, పదకొండింటికి బయల్దేరండి. ఆ వేళకు గుడ్డెలుగు బండల సందులో చల్లగా పడుకుంటుంది, గుడ్లగూబ కళ్లు మూసుకుంటుంది. అయినా నమ్మకం చాలకపోతే ఓ అరగంట ముందు కంప్రెసరు ఆన్ చేయించండి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. గొర్రెలు కాసే పిల్లగాడొకడు తప్పకుండా ఎదురొస్తాడు. నల్లటి ముద్దను పుల్లతో విప్పి, అందులో తునికి గింజలూ మెరిసే చెదపురుగుల తలలూ చూపించి, "సారూ, ఇది గుడ్డెలుగుదే" అంటాడు. కంగారు పడకండి. "ఎవరో తునికిపండ్లు మస్తుగ తిన్నట్టున్నరు" అనేసి కారెక్కండి. కారులో ఏసీ ఉంటుంది. మిగతా సర్వే అందులోంచే చేయండి.

3. జాబితా కొత్తగా రాయకండి, పాత నివేదికలోంచి ఎత్తండి. కాకి, ఉడుత, తొండ ఏ గుట్టకైనా నప్పుతాయి. ఎత్తేముందు ఒకసారి చదవడం మంచిది. కోస్తా జిల్లా నివేదికలోంచి ఎత్తినప్పుడు మాకు సముద్రపు తాబేలు మిగిలిపోయింది. గుట్ట మీద తాబేలేమిటని అడిగినవాళ్లు లేరు. చదివితే కదా అడగడానికి!

నెమలి, ఎలుగుబంటి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటి పేరు రాస్తే రక్షణ ప్రణాళిక అంటారు, దానికి డబ్బు కట్టమంటారు. కాబట్టి నెమలి కూత వినబడితే అది డ్రైవరు ఫోను రింగ్‌టోను.

4. ప్రజాభిప్రాయ సేకరణ తప్పకపోతే పత్తి ఏరే రోజుల్లో పెట్టండి. 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన వేయాలి. వేయండి, టెండర్ల పక్కన. భోజనాలు మాత్రం ఘనంగా ఉండాలి.

5. పైమట్టిని విడిగా దాస్తామని మీరే రాసిస్తారు. అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది, అంత విలువైనదాన్ని ఆరుబయట ఉంచడం క్షేమం కాదు. దిబ్బ అడుగున వేసి మీద రాతిచెక్కలు గుమ్మరించండి. ఎవరూ ఎత్తుకుపోలేరు, మీతో సహా.

6. లీజు హద్దు వెంట 7.5 మీటర్ల పట్టీలో చెట్లు పెంచాలి. మొక్కల్ని పాలిథిన్ కవరు విప్పకుండానే గుంటలో దించండి. ఫొటో అయ్యాక తీసి పక్క క్వారీకి పంపొచ్చు, వాళ్లకూ ఫొటో కావాలి కదా. షరతుల అమలు నివేదిక ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ఇవ్వాలి. రెండింటికీ ఆగస్టు ఫొటోనే వాడండి, ఆగస్టులో రాయి కూడా పచ్చగా ఉంటుంది. తవ్విన చోట మళ్లీ గడ్డి పెంచే షరతు పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు వేలు కదపనక్కర్లేదు, సర్కారు తుమ్మ దానంతటదే మొలుస్తుంది. దాన్నే గడ్డి అనండి.

7. గుంత పూడ్చకండి. రెండు వానలకు నిండుతుంది, 'జల సంరక్షణ' అని బోర్డు పెట్టండి. గోడలు నిట్టనిలువుగానే ఉండనివ్వండి. వాలు తీయడం, కంచె వేయడం దండగ ఖర్చు. దప్పికకు దిగిన అడవిపంది పైకి ఎక్కలేక అక్కడే తిరుగుతుంటే, జంతువులు మన జలాశయానికి అలవాటు పడ్డాయని రాసుకోండి.

8. చివరికి ఓ రాత్రి గుడ్డెలుగు ఊళ్లోకి వస్తుంది. గుట్ట లేదు, తునికిచెట్టు లేదు, మరెక్కడికి పోతుంది? వీధికుక్కలు మొరుగుతాయి, జనం సెల్‌ఫోన్లతో మిద్దెలెక్కుతారు, అటవీ సిబ్బంది వలలు పట్టుకుని వస్తారు. మన గుట్టదేనా అని విలేఖరి అడిగితే నివేదిక తెరిచి చూపించండి. కాకి, ఉడుత, తొండ. ఆ తర్వాత మిద్దె మీది పిల్లల దగ్గర మంచి ఫొటో ఒకటి అడిగి తీసుకోండి. డిసెంబరు నివేదికలో, 'పరిసరాల్లో వన్యప్రాణుల సంఖ్య పెరిగింది' అన్న వాక్యం పక్కన అతికించడానికి.